మన సంఘం 2024-25 వార్షిక నివేదిక: మదర్సాలు, మిషన్ బడులు, ప్రభుత్వ నిధులు

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్ నుంచి వచ్చిన సభ్యులందరికీ సలాం, నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసింది పదో తరగతి సంగతి. ఖురాన్ కంఠస్థం చేస్తున్న మన మదర్సా పిల్లలు సార్వత్రిక పాఠశాల (ఓపెన్ స్కూల్) ద్వారా పరీక్షలు రాశారు. ఉదయం సబక్ (ఖురాన్ పాఠం) అప్పజెప్పిన చాపల మీదే, సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక బీజగణితం నేర్చుకున్నారు. ఫీజులు కట్టడం కన్నా పేర్లు సరిచేయించడానికే ఎక్కువ కష్టపడ్డాం. ఒక పిల్లవాడికి ఆధార్‌లో మహమ్మద్, మదర్సా రిజిస్టర్‌లో మొహమ్మద్, ఇంటి రేషన్ కార్డులో ఒట్టి ఎండీ. మన ఉపాధ్యాయులు పిల్లలను వెంటబెట్టుకుని ఆధార్ కేంద్రం ముందు పడిగాపులు పడ్డారు. హాల్‌టికెట్లు చేతికొచ్చిన సాయంత్రం మదర్సా వరండాలో ఉన్న సందడి చూసినవారెవరూ మరచిపోరు.

శనివారాలు గదులు, బల్లలు ఇచ్చిన మిషన్ బడి కరస్పాండెంట్ ఫాదర్ గారికి, నోట్సు ఉచితంగా జిరాక్స్ తీసిచ్చిన క్లాక్ టవర్ సెంటర్ దుకాణదారుకు, అభినందన సభకు భోజనాలు పెట్టిన దాతలకు, సెలవు రోజుల్లో వచ్చి లెక్కలు చెప్పిన విశ్రాంత ఉపాధ్యాయులకు సంఘం రుణపడి ఉంది.

ఈ చదువులకు ప్రభుత్వం నుంచి ఒక్క రూపాయి రాలేదు. మదర్సాల్లో లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చెప్పేవారికి కేంద్రం ఒకప్పుడు గౌరవ వేతనం ఇచ్చేది. డిగ్రీ చదివినవారికి నెలకు 6,000 రూపాయలు, పీజీతోపాటు బీఈడీ ఉన్నవారికి 12,000. 2022 మార్చితో ఆ పథకం ముగిసింది. ఆ ఏడాదే ఒకటి నుంచి ఎనిమిది తరగతుల మైనారిటీ పిల్లలకు ప్రీ మెట్రిక్ (పదో తరగతి దాకా ఇచ్చే) ఉపకార వేతనాలూ ఆపేశారు. విద్యాహక్కు చట్టం కింద ఎనిమిదో తరగతి దాకా చదువు ఉచితమే కదా అన్నది కేంద్రం చెప్పిన కారణం. మదర్సాలకు ఆ చట్టం వర్తించదని 2012 సవరణే చెబుతోంది. చట్టం వర్తించని చోట చదివే పిల్లల ఉపకార వేతనాన్ని అదే చట్టం పేరు చెప్పి ఆపడం అన్యాయం.

ప్రభుత్వ గ్రాంటుతో నడిచే ఎయిడెడ్ మిషన్ బడులదీ ఇదే గోస. ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేస్తే ఆ ఖాళీ అలాగే ఉంటోంది. గ్రాంటు కోరడం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 2021లో చెప్పిన మాట నిజమే. కానీ సాయం ఇచ్చేటప్పుడు మైనారిటీ యాజమాన్యం అన్న కారణంతో వివక్ష చూపరాదని రాజ్యాంగం 30(2) అధికరణం స్పష్టంగా చెబుతోంది. మదర్సాల్లో విద్యా ప్రమాణాలను నియంత్రించే అధికారం ప్రభుత్వానికి ఉందని 2024 నవంబర్ 5న ఉత్తరప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రమాణాలు అడగండి, సంతోషం. పాఠం చెప్పే మనిషి జీతం గురించీ మాట్లాడండి. ఇదే రాసి వినతిపత్రం ఇచ్చాం. తీసుకున్న అధికారి బదిలీ అయ్యారు, వచ్చినవారు మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు చదువుతారు. ఆడిట్ పూర్తయింది. జకాత్ (ముస్లింలు విధిగా ఇచ్చే దానం) సొమ్ము, చందాలు వేర్వేరు ఖాతాల్లో ఉన్నాయి.

ఒక మాట బాధతోనే చెప్పాలి. కార్యవర్గంలో పేరు వేయించుకోవడానికి ముందుకొచ్చిన మిత్రులు కొందరు అధికారులను కలిసే రోజున ఫోను కూడా ఎత్తలేదు. భారమంతా ఇద్దరు ముగ్గురు యువకుల మీదే పడింది. వచ్చే కార్యవర్గంలో పని చేయగలిగినవారే పేరు ఇవ్వాలని కోరుతున్నాను.

యూడైస్ కోడ్ (బడులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేని మదర్సాలకు రేపు ఏ పథకం వచ్చినా అడగడానికి వీలుండదు. దరఖాస్తు ఇంకా నింపని బాధ్యులు మధ్యాహ్న భోజనానికి లేచేలోపు నా దగ్గర ఫారాలు తీసుకోవాలి. భవనం కొలతలు, గదుల సంఖ్య, మరుగుదొడ్ల వివరాలు వెంట ఉంటే ఇక్కడే కూర్చుని నింపుదాం.

కార్యదర్శి