మూడో భాగం ఆలస్యమవుతోంది, రంగులు మారుతున్నాయి

మన కామిక్ మూడో భాగానికి ముందే డబ్బు కట్టి ఎదురుచూస్తున్న వాళ్లందరికీ మొదట అసలు విషయం చెప్పేస్తాను. పుస్తకం అనుకున్న సమయానికి రాదు. వచ్చినప్పుడు తొలి రెండు భాగాల్లా పూర్తి రంగుల్లోనూ ఉండదు. నలుపు, దానికి తోడు ఒకే ఒక్క ఆకుపచ్చ. ఇది ఎవరో మా మీద రుద్దింది కాదు, మేం కావాలని తీసుకున్న నిర్ణయం.

కొత్తగా చేరిన పాఠకుల కోసం కథ రెండు ముక్కల్లో: పెద్ద నగరంలో రాత్రి డ్యూటీ చేసే ఓ యువ లిఫ్ట్ మెకానిక్. ఆగిపోయిన యంత్రం మీద ఆమె చెయ్యి వేస్తే అది మేలుకుంటుంది, ఆమెతో మాట్లాడుతుంది. కానీ అలా లేపిన ప్రతిసారీ ఆమెను ఎరిగిన ఒక మనిషి ఆమె పేరు మరిచిపోతాడు. ఆ మేలుకొలుపే మన కథలో మంత్రం, దాని రంగు ఆకుపచ్చ.

రెండో భాగం చేతికి అందాక చాలామంది ఒకే మాట రాశారు: ఫోన్‌లో చూసినప్పుడు మంత్రం వెలిగింది, పుస్తకంలో మసకబారింది అని. నిజమే. ఫోన్ తెర తానే వెలుతురు ఇస్తుంది. కాగితం దాని మీద పడిన వెలుతురును తిప్పి పంపడం తప్ప ఏమీ చేయలేదు. నాలుగు రంగుల ముద్రణలో ఆకుపచ్చ అంటే సయాన్ (ఆకాశ నీలం లాంటి సిరా), పసుపు చుక్కలు పక్కపక్కనా ఒకదాని మీద ఒకటీ పడి కంటికి కనిపించేదే. తెర మీద కళ్లు చెదిరే ఆ పచ్చదనం ఈ సిరాల పరిధిలోకి రాదు. మంచి ఆర్ట్ పేపర్ వాడినా, మెషీన్ దగ్గర ఎంత సర్దినా ఆకు రంగు వస్తుంది కానీ ఆ మెరుపు రాదు.

దానికి మందు స్పాట్ కలర్. కావలసిన రంగును ముందే సిరాగా కలిపి, దానికో ప్లేటు (ఆ రంగును కాగితం మీద అచ్చువేసే రేకు) వేసి నేరుగా కొట్టడం. చుక్కల కలయిక మీద ఆధారపడదు కాబట్టి రంగు చిక్కగా, శుభ్రంగా పడుతుంది. నాలుగు రంగుల మీద దీన్ని ఐదోదిగా వేయొచ్చు కదా అని మా బొమ్మల ఆర్టిస్ట్ మొదట అడిగింది. వేయొచ్చు. నమూనా పేజీలు అలాగే చేసి చూశాం. గోడలకు గోధుమ రంగు, వీధి దీపాలకు పసుపు, చొక్కాకు ఎరుపు, వాటి మధ్యలో మన ఆకుపచ్చ ఇంకో రంగుగా మిగిలిపోయింది. చుట్టూ ఉన్న రంగులన్నీ తీసేసి నగరాన్ని నలుపు తెలుపుల్లో వదిలేసరికి పేజీ మారిపోయింది. మన మెకానిక్ లేపిన లిఫ్ట్ ఒక్కటే వెలుగుతోంది.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. ఫ్రాంక్ మిల్లర్ నలుపు తెలుపు కామిక్ 'సిన్ సిటీ'లో 1996లో వచ్చిన ఒక కథలో విలన్ ఒక్కడే పసుపుగా ఉంటాడు. ఆ పసుపు కనిపించగానే పాఠకుడు ఉలిక్కిపడతాడు. మాకు ఇంకాస్త ఎక్కువ పని చేయించాలని ఉంది. ఆమె ఒకసారి లేపిన వస్తువు తర్వాతి పేజీల్లో వెనక ఎక్కడ కనిపించినా దాని మీద సన్నటి ఆకుపచ్చ గీత ఉంటుంది. ఎన్నింటిని లేపిందో, అంటే ఎంతమంది ఆమెను మరిచిపోయారో, డైలాగ్ లేకుండానే మీకు తెలిసిపోతుంది. రాసేటప్పుడు ఇది నా దగ్గర లేదు. రంగులు తీసేశాకే దొరికింది.

ఇంకో లాభం అక్షరాలకు. మేలుకోని యంత్రాల గొణుగుడు మనం నల్ల బెలూన్‌లో తెల్ల అక్షరాలతో పెడతాం. నాలుగు సిరాలు కలిపిన చీకటిలో ఒక్క ప్లేటు వెంట్రుకవాసి పక్కకు జరిగినా తెలుగు వత్తులు, సున్నాలు పూడుకుపోతాయి. రెండో భాగం రాత్రి సీన్లలో కొందరు కళ్లు చికిలించి చదవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ చీకటి ఒక్క నల్ల సిరాతోనే వస్తుంది, అందుకని అక్షరం అంచు తెగినట్టు ఉంటుంది. వత్తుల కోసం వరుసల మధ్య ఎడం కూడా పెంచాం.

ఆలస్యం ఎందుకంటే, రంగులు వేసేసిన పేజీలను నలుపు, ఆకుపచ్చ రెండు పొరలుగా మళ్లీ విడదీయాలి. నీడలన్నీ బూడిద షేడ్లలో కొత్తగా కట్టాలి. పుస్తకం 64 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు (ఒకే పెద్ద కాగితం మీద కొట్టి మడిచే పేజీల కట్టలు) నాలుగు. ఫారాలన్నీ సిద్ధమయ్యాకే ప్రెస్‌లో టైమ్ తీసుకుంటాం. పైగా స్పాట్ కలర్‌ను మామూలు డిజిటల్ ప్రూఫ్ (ముద్రణకు ముందు తీసే నమూనా కాపీ) సరిగ్గా చూపించలేదు. అసలు సిరాను అసలు కాగితం మీద పూసి చూసి, అది నచ్చాకే ముద్రణ. అందుకే ఇవాళ తారీఖు చెప్పడం లేదు. సిరా నమూనా ఖాయమైన రోజున చెబుతాను.

ధర తగ్గుతుందా అని అడుగుతారు. తగ్గదు. ప్లేట్లు తగ్గుతాయి, కానీ ప్రత్యేక సిరా కలపడానికి, దానికోసం మెషీన్ కడగడానికి ఖర్చుంది, అదనపు పనికీ ఖర్చుంది. రంగులు వేసిన అమ్మాయికి ముందు ఒప్పుకున్న డబ్బు మొత్తం ఇచ్చేశాం. పొరలు విడదీసే పనీ ఆమే చేస్తోంది, దానికి విడిగా ఇస్తున్నాం. పేజీలు మారినందుకు ఆమె నష్టపోకూడదు.

తొలి రెండు భాగాల పక్కన ఇది లోపల వేరేగా ఉంటుంది. సైజు, బైండింగ్ మాత్రం అవే, షెల్ఫ్‌లో కలిసిపోతుంది. ఫోన్‌లో చదివే కాపీ కూడా రెండు రంగుల్లోనే వస్తుంది, పూర్తి రంగుల కాపీ విడిగా అమ్మం.

పూర్తి రంగుల పుస్తకం వస్తుందనే డబ్బు కట్టాం, ఇది మాకు వద్దు అనుకునేవాళ్లకు ఆ హక్కు పూర్తిగా ఉంది. మీ ఆర్డర్ వివరాలు వచ్చిన మెయిల్‌కే 'వద్దు' అని జవాబు పెట్టండి, కట్టినదంతా వెనక్కి పంపుతాం, కారణం అడగం. ఉంచుకునేవాళ్లు ఏమీ చేయనక్కర్లేదు. అయితే ప్రెస్‌కు కాపీల సంఖ్య చెప్పే ముందే మీ నిర్ణయం తెలిస్తే మాకు మేలు. ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లతో చేసే ముద్రణలో, ప్లేట్ల ఖర్చు ముందే పెట్టేయాలి, మిగిలిపోయిన కట్టలు మా లాంటి చిన్నవాళ్లకు తరువాతి భాగం డబ్బును తినేస్తాయి.

చాలామంది అడిగిన ఇంకో ప్రశ్నకు కూడా జవాబు చెప్పేస్తాను. రెండో భాగం చివర కరెంటు పోయింది, మరి లిఫ్ట్ కింద పడలేదేం, అది మంత్రమా అని. కాదు. లిఫ్ట్ బ్రేకును పట్టి ఉంచేది స్ప్రింగు. కరెంటు ఉన్నప్పుడే అది వదులుతుంది, పోగానే బిగుసుకుంటుంది. ఆ రాత్రి మన మెకానిక్ ఇంకా చెయ్యి వేయలేదు. వేసేది మూడో భాగం ఐదో పేజీలో.

ఈ మధ్య ఇల్లు మారినవాళ్లు కొత్త చిరునామా కూడా అదే మెయిల్‌కు పంపండి.