పతకానికి వెనుక వైపూ ఉంది

సంపాదకులకు,

పెళ్లిళ్ల కాలం రాగానే మా విజయనగరంలో పాత నగలు కరిగించి కొత్తవి చేయించడం మామూలైంది. తూకంలో లక్క, రాళ్లు తరుగు కింద పోతాయి, పనితనానికి విలువే కట్టరు. పాత కుందనపు పతకంలో కెంపు అడుగున తళుకు రేకు పరచి, చుట్టూ మేలిమి బంగారు రేకును ఒత్తి బిగిస్తారు. ఒంటికి తగిలే వెనుక వైపు, ఎవరికీ కనబడని చోట, చిలకలనూ తీగలనూ చెక్కడం వట్టి ఆడంబరమని నేననుకోను. అదే పతకం కలిమిని చాటుతుంది, స్త్రీధనంగా కూతురికి చేరుతుంది, కష్టకాలంలో తాకట్టుకూ వెళ్తుంది. నూరేళ్లు నిండిన కళాఖండాలను సొంతదారులు దేశం దాటించకుండా 1972 నాటి పురావస్తు చట్టం ఆపుతుంది గాని, మూసలో పడ్డాక అదీ చేయగలిగిందేమీ లేదు. కరిగించక తప్పనివారు ముందుగా రెండు వైపులా ఫొటోలు తీయించి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో రాసి ఉంచాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, విజయనగరం