ఈస్టర్ తేదీ: చూడాల్సింది పట్టికలోని పౌర్ణమి

అయ్యా,

ఈస్టర్ ఎప్పుడంటే పత్రికల్లో ఏటా ఒకటే మాట: వసంత విషువత్తు (మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) తర్వాతి పౌర్ణమి దాటాక వచ్చే మొదటి ఆదివారం. అది పట్టుకుని పంచాంగం తిరగేస్తే కొన్ని ఏళ్లలో తేదీ తప్పుతుంది. 2019లో అంతర్జాతీయ కాలమానం ప్రకారం విషువత్తు మార్చి 20న, పౌర్ణమి 21న వచ్చాయి. ఆ లెక్కన పండుగ మార్చి 24న రావాలి. జరిగింది ఏప్రిల్ 21న.

క్రైస్తవ సంఘాలు చూసేది ఆకాశంలోని చంద్రుణ్ణి కాదు, 19 ఏళ్ల చక్రంతో కట్టిన పట్టికను. అందులో విషువత్తు ఎప్పుడూ మార్చి 21. చాంద్రమాసంలో 14వ రోజు పౌర్ణమి. 2019లో పట్టిక పౌర్ణమి మార్చి 20నే పడింది. 21 కంటే ముందు కనుక చెల్లలేదు; తర్వాతిది ఏప్రిల్ 18.

లెక్క కష్టమేమీ కాదు. సంవత్సరాన్ని 19తో భాగించి శేషానికి 1 కలపాలి. 2026కు శేషం 12, కలిపితే 13. పాశ్చాత్య సంఘాల పట్టికలో 13కు ఎదురుగా ఏప్రిల్ 2 ఉంటుంది, ఆ ఏడు అది గురువారం. ఆపై ఆదివారం ఏప్రిల్ 5, అదే ఈస్టర్. పౌర్ణమి ఆదివారమే పడితే పండుగ ఆ రోజు చేయరు, వారం ఆగుతారు. 2025లో పట్టిక పౌర్ణమి ఏప్రిల్ 13, ఆదివారం. పండుగ 20న జరిగింది. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఈ పట్టిక 1582లో సవరించినది. ఆర్థడాక్స్ సంఘాల్లో ఎక్కువ భాగం అంతకు ముందున్న పాత జూలియన్ క్యాలెండర్ లెక్కనే పాటిస్తాయి. అందులో మార్చి 21 అంటే మనకు ఏప్రిల్ 3. చంద్రుడి పట్టిక కూడా నాలుగైదు రోజులు వెనకబడి ఉంది. అందుకే 2024లో ఇటు మార్చి 31, అటు మే 5. 2025లో ఇద్దరికీ ఒకటే రోజు.

ఇక శ్రమల దినాలు (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం) నలభై అని ఈస్టర్ నుంచి 40 వెనక్కి లెక్కించేవారున్నారు. అది పొరపాటు. లెక్కించాల్సింది 46. నడుమ వచ్చే ఆరు ఆదివారాలూ ఉపవాసంలో చేరవు, ప్రతి ఆదివారమూ యేసు పునరుత్థాన దినమే కాబట్టి. అలా ఆ ఉపవాసం మొదలయ్యే భస్మ బుధవారం 2026లో ఫిబ్రవరి 18. పరిశుద్ధాత్మ రాకను స్మరించే పెంతెకోస్తు పండుగకు మాత్రం ఈస్టర్‌నే ఒకటో రోజుగా పట్టి యాభై లెక్కించాలి: మే 24.

ఈ కాలాలేవీ పాటించని సంఘాలూ ఉన్నాయి. వారిని భక్తి లేనివారనడం అన్యాయం. దినాల విషయంలో ఎవరి మనసులో వారు నిశ్చయించుకోవాలని బైబిల్లో అపొస్తలుడు పౌలు రోమీయులకు రాసిన పత్రిక (లేఖ) 14వ అధ్యాయంలోనే ఉంది.

ఇకపై తేదీ వేసేటప్పుడు అది ఏ సంఘాల లెక్కో కూడా పక్కన వేయవలసిందిగా మనవి.

ఒక పాఠకుడు