చెల్లికి ఉత్తరం: ‘180లో ఒకటి’ అంటే ఏమిటి?

చిరంజీవి సౌభాగ్యవతి అయిన చెల్లికి అక్క ఆశీస్సులు.

నువ్వు పంపిన డబుల్ మార్కర్ (గర్భం తొలి నెలలలో చేసే రక్తపరీక్ష) రిపోర్టు అందింది. డౌన్ సిండ్రోమ్ (బుద్ధి ఎదుగుదల మందగించే పుట్టుక లోపం) ఎదుట ‘హై రిస్క్, 1:180’ అని ఎర్రగా అచ్చయిన వరుసను చూసి, బిడ్డకు లోపం ఉన్నట్టు తేలిపోయిందని మీరిద్దరూ బెంగపెట్టుకున్నారని రాశావు. ఏమీ తేలలేదు. తేల్చే శక్తి ఆ పరీక్షకు లేదు. ఇదే ఫలితం వచ్చిన 180 మంది గర్భిణులలో సుమారుగా ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండవచ్చునని, మిగిలిన 179 మంది బిడ్డలకు అది ఉండదని మాత్రమే ఆ అంకెకు అర్థం. ల్యాబులు ‘250లో ఒకటి’ దగ్గరో మరొక అంకె దగ్గరో ఒక గీత గీసుకుని, అంతకంటే ఎక్కువ అవకాశం ఉన్న వారందరికీ ‘హై రిస్క్’ అని ముద్రించి ఇస్తాయి. వివరించే మనిషి లేకుండా ఆ రెండు మాటలను చేతిలో పెట్టి పంపే పద్ధతి మీద నాకు మొదటి నుంచీ కోపమే.

ఆ అంకె నీ వయసుతో మొదలవుతుంది. డౌన్ సిండ్రోమ్ అవకాశం 25 ఏళ్ల తల్లికి దాదాపు 1,250లో ఒకటైతే, 40 ఏళ్లకు దాదాపు 100లో ఒకటి అవుతుంది. దానికి ఎన్‌టీ స్కాన్‌లో బిడ్డ మెడ వెనుక కొలిచిన నీటిపొర మందాన్నీ, నీ రక్తంలోని పాప్-ఏ, బీటా హెచ్‌సీజీ అనే రెండు గర్భకాలపు పదార్థాల పాళ్లనూ కలిపి కంప్యూటరు లెక్క కడుతుంది. ఈ పాళ్లు వారం వారం మారిపోతాయి కనుక, నెలల లెక్క కొద్దిగా తప్పినా, నీ బరువు తప్పుగా వేసినా ఫలితం మారిపోతుంది. కాబట్టి ముందుగా రిపోర్టు పైభాగంలో వేసిన పుట్టినతేదీ, బరువు, స్కాన్ ప్రకారం వారాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకో.

డాక్టరుగారు చెప్పిన ఎన్‌ఐపీటీ కూడా రక్తపరీక్షే. పదో వారం నుంచి చేయవచ్చు. మాయ (ప్లాసెంటా) నుంచి తల్లి రక్తంలోకి విడుదలయ్యే డీఎన్‌ఏ తునకలను అది లెక్కిస్తుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న నూరు గర్భాలలో 99 దాకా పట్టుకోగలదు. అయితే అది చూసేది మాయను, బిడ్డను కాదు. అరుదుగానైనా మాయలో ఉన్న తేడా బిడ్డలో ఉండకపోవచ్చు. అందువల్ల అందులో పాజిటివ్ వచ్చినా, నిర్ధారణ పరీక్ష కాకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఎన్‌టీ మందం 3.5 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో ఉంటే, లేదా స్కాన్‌లో అవయవలోపం కనబడితే, ఎన్‌ఐపీటీతో కాలం గడపకుండా నేరుగా నిర్ధారణకు వెళ్లమంటారు. నీ ఎన్‌టీ మామూలుగానే ఉంది కనుక, నన్నడిగితే ముందు ఎన్‌ఐపీటీయే చేయించుకోమంటాను.

నిర్ధారణ అంటే మాయ నుంచి చిన్న ముక్క తీసే సీవీఎస్, లేదా 15 వారాలు దాటాక చేసే ఉమ్మనీటి పరీక్ష. స్కాన్‌లో చూస్తూ సన్నని సూదితో సుమారు 20 మిల్లీలీటర్ల ఉమ్మనీరు తీస్తారు. నేను పనిచేసే ల్యాబుకు వచ్చేది ఆ నీరే. లేత పసుపు రంగులో ఉండే ఆ నీటిలో బిడ్డ చర్మం నుంచి, మూత్రనాళాల నుంచి రాలిన కణాలు తేలుతుంటాయి. వాటిని 37 డిగ్రీల వేడిలో రోజుల తరబడి పెంచి, విభజన మధ్యలో ఆపి, గాజుపలక మీద పరచి, రంగు వేసి, చారల ఆధారంగా ఒక్కొక్క క్రోమోజోమును (కణంలో జన్యువులను మోసే పోగును) గుర్తిస్తూ 46 ఉన్నాయా అని లెక్కపెడతాం. 21వ నంబరువి రెండింటికి బదులు మూడు కనిపిస్తే అది డౌన్ సిండ్రోమ్. కణాలు పెరగాలి కాబట్టే పూర్తి రిపోర్టుకు సుమారు రెండు వారాలు పడుతుంది. 13, 18, 21 నంబర్ల వరకు మాత్రం రెండు మూడు రోజులలో చెప్పే పద్ధతులు ఉన్నాయి. ఈ లెక్క సరిగా ఉన్నంత మాత్రాన అన్నీ సరిగా ఉన్నట్టు కాదు. తలసీమియా వంటి ఒక్క జన్యువు జబ్బులు ఇందులో కనబడవు. గుండె, వెన్నెముకల నిర్మాణాన్ని 18 నుంచి 22 వారాల మధ్య అనామలీ స్కాన్‌లోనే చూడాలి.

సూది వల్ల గర్భస్రావం జరిగే ప్రమాదం, అనుభవం ఉన్న చేతులలో, నూటికి ఒకటి కంటే తక్కువ. తక్కువే గాని సున్నా కాదు. అందుకే, ఫలితం తెలిస్తే మీరు ఏం చేస్తారో పరీక్షకు ముందే మరిదిగారూ నువ్వూ మాట్లాడుకోండి. గర్భం కొనసాగించడమే నిశ్చయమైనా, ప్రసవానికి సిద్ధపడడానికి తెలుసుకోవాలనుకునే వారున్నారు. తెలుసుకోకుండా ఉండిపోయే వారూ ఉన్నారు. రెండూ మీ ఇష్టమే. పెద్దవాళ్లు గాని, నేను గాని ఒత్తిడి చేయవలసిన విషయం కాదు.

ఉమ్మనీటి పరీక్ష దాకా వెళితే, చేసే డాక్టరు తరచూ చేసేవారేనా అని అడుగు. నీ రక్తం నెగటివ్ గ్రూపు అయితే పరీక్ష తరువాత యాంటీ-డి ఇంజెక్షను అవసరమవుతుంది కనుక, గ్రూపు కాగితం కూడా వెంట తీసుకువెళ్లు.

ఇట్లు,
మీ అక్క