మన నాణేల సంఘం వార్షిక నివేదిక – ఉగాది నుంచి ఉగాది దాకా

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది నెలవారీ సమావేశాలు ఎక్కువగా మహబూబ్‌నగర్‌లోనే జరిగాయి. జడ్చర్ల, గద్వాల మిత్రులు బాగానే వచ్చారు. నల్లగొండ వాళ్లకు దూరాభారం అవుతోంది కాబట్టి ఇకపై కొన్ని అక్కడ పెడదామని కార్యవర్గం నిర్ణయించింది.

సమయమంతా దాదాపు మింట్ ఎర్రర్లకే, అంటే టంకశాలలో తయారయ్యేటప్పుడే లోపం వచ్చిన నాణేలకే సరిపోయింది. సభ్యులు తెచ్చినవాటిలో చాలావరకు ఎర్రర్లు కావు, దెబ్బతిన్న నాణేలు. కొందరు చిన్నబుచ్చుకున్నారు గానీ చెప్పక తప్పదు. అచ్చు (నాణెం మీద బొమ్మ కొట్టే దిమ్మ) పగిలితే ఆ పగులులోకి లోహం పారి నాణెం మీద గీత ఉబ్బుగా వస్తుంది. లోపలికి దిగిన గీత మాత్రం బయట తగిలిన గీరుడే. అంచు తెగిన నాణెమైతే, తెగినచోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూడండి. అదీ మసకగా ఉంటే అచ్చు కొట్టకముందే బిళ్ల మింట్‌లోనే తెగి ఉండే అవకాశం ఎక్కువ. నిండుగా ఉంటే ఎవరో కత్తిరించారని అనుమానించాలి.

అక్షరాలు జంటగా కనిపించే నాణేల మీద వాదన ముదిరింది. అచ్చు తయారీలోనే అలా పడితే రెండో అక్షరం కూడా ఉబ్బుగా ఉండి, కొసల్లో చీలిక తెలుస్తుంది. కొట్టేటప్పుడు అచ్చు అదిరితే అక్షరం పక్కన చదునుగా నొక్కుకుపోతుంది. ఇలా అదిరిన నాణేనికి డబ్బు పెట్టడం దండగని నా అభిప్రాయం.

తేదీ కింద ఏ టంకశాలదో చెప్పే గుర్తు లేదని సంబరపడకండి, అది కోల్‌కతా నాణెం. హైదరాబాద్‌కు నక్షత్రం, నోయిడాకు చుక్క, ముంబైకి డైమండ్ ఉంటాయి.

సంఘం డిజిటల్ కాటా కొన్నది. 1992లో మొదలైన పాత రకం స్టీలు రూపాయి (2011 నుంచి వచ్చిన చిన్నది కాదు) 4.85 గ్రాములు, పది రూపాయల రెండు లోహాల బిళ్ల 7.71 గ్రాములు తూగాలి. బాగా తగ్గితే యాసిడ్‌లో వేశారేమో చూడండి.

నిజాం రూపాయల సమావేశం అందరికీ నచ్చింది. మన ఊరి పేరుకు మూలమైన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలపు చార్మినార్ బొమ్మ రూపాయల్లో ద్వారం మధ్య ఆయన పేరులోని మొదటి ఉర్దూ అక్షరం ‘మీమ్’ ఉంటుంది. తర్వాతి నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలో అక్కడ ఆయన పేరు మొదటి అక్షరం ‘ఐన్’ వచ్చింది. హిజ్రీ 1330 నాణేల్లో అది సగమే కనిపించేవి, పూర్తిగా కనిపించేవి రెండూ ఉన్నాయి. ఇవి ఎర్రర్లు కావు, అచ్చు రకాలు. ఆల్బమ్‌లో వేరువేరు అరల్లో పెట్టుకోండి.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయలకు లక్షలిస్తామన్న మెసేజ్‌లు ఇంకా తిరుగుతున్నాయి. ముందుగా కమీషన్ కట్టమంటే నమ్మొద్దు. పాత నాణేల పేరుతో జరిగే ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తాం. సంఘం భూతద్దం ఇంటికి తీసుకెళ్లిన సభ్యులెవరైనా ఆ రోజు తెచ్చిస్తే మేలు, కొత్తది కొనే బడ్జెట్ లేదు.

– కార్యదర్శి