సిమెంటు పూయకముందే రాతి చర్చిలను ఫొటో తీయించండి

సంపాదకులు గారికి,

అయ్యా,

గుంటూరు, పల్నాడు, కృష్ణా ప్రాంతాలలో మిషనరీల కాలంలో రాతితో కట్టిన చర్చిలు ఒక్కొక్కటే సిమెంటు పూతల వెనక్కి, టైల్సు వెనక్కి వెళ్లిపోతున్నాయి. ఏ చర్చిని ఉన్నదున్నట్లు ఉంచాలి, దేనిని పెంచి కట్టుకోవాలి అన్నది ఆయా సంఘాలవారు నిర్ణయించుకోవలసిన సంగతి. అందులో బయటివారు జోక్యం చేసుకోవాలని నేను కోరడం లేదు. తాపీ పని మొదలుకాకముందే ఆ కట్టడాన్ని పునాది రాయి నుంచి గంట గోపురం దాకా పద్ధతి ప్రకారం ఫొటోలు తీయించి భద్రపరచవలసిందిగా సంఘ పెద్దలను, పాస్టరుగార్లను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

నేను డ్రాయింగు మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. కెమెరా, ట్రైపాడ్, కొలత టేపు తీసుకొని వీలైనప్పుడల్లా ఈ చర్చిలను చూసి వస్తుంటాను. మూడేళ్ల కిందట పల్నాడులో ఒక ఊరి చర్చికి సాయంత్రం వేళ చేరాను. ముఖద్వారం మీద కోసుగా లేచిన కమాను, దాని రాళ్లను ఏటవాలుగా చెక్కి, మధ్య సున్నం సన్నని గీతలా మాత్రమే కనిపించేటట్లు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన తీరు చూసి చాలాసేపు అక్కడే ఉండిపోయాను. రాళ్ల మీద ఉలి నడిచిన దిక్కును బట్టి అక్కడ కనీసం ఇద్దరు పనివారి చేతులను వేరువేరుగా గుర్తుపట్టవచ్చుననిపించింది: ఒకరి ఉలి ఎడమకు వాలింది, మరొకరిది నిటారుగా దిగింది. పొద్దు వాలిపోవడంతో రెండే ఫొటోలు తీసి, మళ్లీ వస్తానని చెప్పి తిరిగివచ్చాను. ఏడాది తరువాత వెళ్లేసరికి గోడంతా నున్నగా సిమెంటు పూసి, మీగడ రంగు వేసి, నడుమెత్తు దాకా టైల్సు అతికించారు. ఎవరూ చెడు తలపెట్టి చేసిన పని కాదు. వానకు గోడ చెమ్మగిల్లుతున్నదంటే, చందాలు పోగుచేసుకొని భక్తితో చేయించుకున్నారు. ఆ సంఘపు పెద్దాయన ఒకరు నన్ను పక్కకు పిలిచి, "మాస్టారూ, పాత గుమ్మం ఫొటో మీ దగ్గరేమైనా ఉందాండీ? మా అమ్మానాన్నలు పెళ్లి చేసుకొని బయటికొచ్చింది ఆ గుమ్మంలోనుంచేనండీ" అని అడిగారు. ఆయనకు ఇవ్వడానికి నా దగ్గర ఉన్నవి ఆ రెండే.

ఇక్కడ చెమ్మ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పూతలన్నింటికీ మూలకారణం అదే. ఆ కాలపు గోడలు ఇసుకతో కలిపి గానుగలో ఆడించిన సున్నంతో కట్టినవి. సున్నం రాతికంటె మెత్తన. దానికి కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలుంటాయి. వానకు గోడలో చేరిన చెమ్మ, ఎండ కాసినప్పుడు ఆ సున్నపు సందుల గుండానే బయటికి ఆరిపోతుంది. ఆ సందులలో సిమెంటు దట్టించినా, గోడ మొత్తానికి సిమెంటు పూసినా చెమ్మకు దారి మూసుకుపోతుంది. లోపల నిలిచిన నీటిలోని ఉప్పులు రాతి పైపొర కింద పేరుకొని, రాయి మెత్తనిదైనా పొరల రాయి అయినా దాన్ని పెచ్చులు పెచ్చులుగా రాలగొడతాయి. విరుగుడనుకొని పూసిన పూతే చెమ్మను గోడలో బంధిస్తుందన్న మాట. రేపు తరువాతి తరంవారు ఆ పూత తీయించి మళ్లీ సున్నంతో బాగుచేయించుకోదలిస్తే, కమానుకు ఎన్ని రాళ్లున్నాయో, ఏ రాయి ఎక్కడ కూర్చుందో, పాత బీట ఎక్కడ మొదలైందో చెప్పడానికి ఫొటోలు తప్ప వేరే ఆధారం ఉండదు.

ఈ మాట మన ప్రాంతంవారికి వేరే ఊరి ఉదాహరణతో చెప్పనక్కరలేదు. 1797లో అమరావతి స్తూపాన్ని చూసిన ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ 1816లో తిరిగి వచ్చేనాటికి ఎన్నో రాళ్లు తరలిపోయాయి. కొన్నింటిని కొత్త కట్టడాలకు వాడుకున్నారు, కొన్నింటిని సున్నం కోసం కాల్చారు. మెకంజీ తన చిత్రకారులచేత గీయించిన బొమ్మలలో కనిపించే కొన్ని శిల్పాలు నేడు రాయిగా ఎక్కడా లేవు. తరువాత 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పాలను 1858లో ఫొటోగ్రాఫరు లిన్నేయస్ ట్రైప్ ఫొటోలు తీశారు. ఫొటోగ్రఫీ పుట్టి ఇరవై ఏళ్లయినా నిండని రోజుల్లో, గాజు పలకలతో, రసాయనాలతో వారు చేసిన పనిని, చేతిలో ఇన్ని సాధనాలున్న మనం మన ఊరి చర్చికి చేయలేమా?

అయితే పద్ధతి ప్రకారం అని ఎందుకన్నానంటే, చర్చి ఎదుట నిలబడి ఫోను పైకెత్తి తీసిన ఫొటోలో గోపురం వెనక్కి వాలిపోయినట్లు వస్తుంది. కెమెరాను గోడకు సమాంతరంగా ఉంచి, వీలైనంత వెనక్కి జరిగి, కుదిరితే ఎదురింటి మేడ మీదినుంచి తీస్తే నిలువు గీతలు నిలువుగానే నిలుస్తాయి. గోడకు ఆనించి ఒక కొలబద్ద ఉంచితే ఆ ఫొటో మీదినుంచి కొలతలు కూడా తీసుకోవచ్చు. వెలుగు సంగతి అంతకంటె ముఖ్యం. సూర్యుడు మన వీపు వెనుకనుంచి నేరుగా గోడ మీద పడేటప్పుడు రాయి చదునుగా కనిపిస్తుంది; గోడను పక్కనుంచి రాసుకుంటూ పోయే ఏటవాలు ఎండలో ఉలి గాట్లన్నీ లేచి నిలబడతాయి. పాత ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) పద్ధతిలో బలిపీఠం తూర్పున, ముఖద్వారం పడమట ఉంటాయి కాబట్టి ముఖద్వారానికి మధ్యాహ్నం దాటాక వెళ్లాలి, బలిపీఠం వెనుక కిటికీకి ఉదయమే వెళ్లాలి. దక్షిణపు గోడకు చలికాలమంతా ఎండ దొరుకుతుంది. చిక్కంతా ఉత్తరపు గోడతోనే. చలికాలంలో దానికి ఎండే తగలదు. గుంటూరు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది గనుక, సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా జరిగి ఆ గోడకు రోజంతా ఎండ ఇచ్చేది మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకానే. అందులో సగం రోజులు మబ్బులకే పోతాయి. ఉత్తరపు గోడ మీది పనితనాన్ని ఎండలో చూడాలంటే రోహిణి కార్తెలో వెళ్లవలసిందే. పని మొదలుపెట్టే వారం ముందు కబురు చేస్తే సరిపోదని చెప్పడానికే ఇదంతా రాశాను: ఒక చర్చిని పూర్తిగా ఫొటో తీయడానికి ఒక ఏడాది పడుతుంది.

లోపలి ఫొటోలకు ఓపిక ఇంకా కావాలి. మెదక్ కెథడ్రల్‌లో ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాల కిటికీలు పగటి వెలుగులోనే పలుకుతాయి. క్రీస్తు జననం చూపే కిటికీ గాజుకు సరిపడేటట్లు ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెలుగు రానిచ్చే మోతాదు) పెడితే చుట్టూ ఉన్న రాతి స్తంభాలు చీకటిలో కలిసిపోతాయి, స్తంభాలకు సరిపెడితే గాజు మీది ముఖాలు తెల్లబోతాయి. ట్రైపాడ్ కదల్చకుండా అనేక ఎక్స్‌పోజర్లలో తీసి కలుపుకోవాలి. కరవు రోజుల్లో కూలికి తిండి పెట్టి మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన ఆ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. విజయవాడ నుంచి వరంగల్ వెళ్లే రైలు మార్గంలోని డోర్నకల్‌లో, భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య కాలంలో కట్టి 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్ నాకు అంతకంటె ప్రీతి. మన ఆలయ మండపాల స్తంభాలు, మసీదుల గుమ్మటాలు అక్కడ ఒకే కట్టడంలో కూడి ఉన్నాయి. కృష్ణా జిల్లా సంఘాలు కూడా ఒకప్పుడు డోర్నకల్ డయాసిస్ (బిషప్ ఏలుబడిలోని ప్రాంతం) కిందివే. ఈ రెండింటికీ ఫొటోల కొదవ లేదు. పల్లెలో, చింతచెట్టు పక్కన, పదిహేను బెంచీలు పట్టే చర్చి మాటేమిటి? లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరు చేరింది 1842 జూలై 31న. నాటి నుంచి ఇక్కడ కట్టిన చర్చిల గోడల మీద శంకుస్థాపన చేసిన దొరగారి పేరు ఉంటుంది గాని, రాయి కొట్టి మోసి కమాను నిలిపినవారి పేరు నేను చూసిన ఏ ఫలకం మీదా లేదు. వారు విడిచిపోయిన చేవ్రాలు ఆ ఉలి గాట్లే. పూత కిందికి ముందుగా పోయేది కూడా అవే.

ఫ్రాన్స్‌లో 1851లోనే ఐదుగురు ఫొటోగ్రాఫర్లను దేశం నలుమూలలకు పంపి, మరమ్మతులు చేయవలసిన పాత చర్చిలను, కోటలను ఫొటోలు తీయించారు. 2019 ఏప్రిల్ 15న ప్యారిస్ నోత్రదామ్ చర్చి కాలినప్పుడు, అంతకు ఎన్నో ఏళ్ల ముందు ఆండ్రూ టాలన్ అనే ఆచార్యుడు లేజరుతో తీసి ఉంచిన కొలతలు పునర్నిర్మాణానికి అక్కరకొచ్చాయి.

కెమెరా పట్టేవారు దొరకని సంఘాలవారు కూడా చేయగలిగిన పని ఒకటి ఉంది. ప్రతి ఇంట్లో పెట్టె అడుగున పెళ్లి ఆల్బము ఉంటుంది. వధూవరులు, బంధువులు చర్చి మెట్ల మీద వరుసగా నిలబడి తీయించుకున్న ఆ ఫొటోలలో వారి వెనుక గుమ్మం, కమాను, కిటికీ ఉంటాయి. వాటిని స్కాన్ చేయించి, ఏ సంవత్సరపు పెళ్లో రాసి ఉంచితే, రంగులు ఎప్పుడు మారాయో, వసారా ఎప్పుడు వచ్చిందో తేదీలతో సహా తేలుతుంది.

విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వారు విద్యార్థులచేత ఏడాదికి రెండు మూడు చర్చిలకైనా కొలతలతో పటాలు గీయిస్తే, ఫొటోలకు అవి తోడవుతాయి. ఒక ప్రతి సంఘం దగ్గర, ఒకటి జిల్లా గ్రంథాలయంలో ఉండాలి; తీసిన తేదీ, దిక్కు ప్రతి ఫొటోకూ రాసి ఉండాలి. మీరు జిల్లా సంచికలో వారానికి ఒక చర్చి ఫొటో వేయగలిగితే, తమ ఊరి గుమ్మం పత్రికలో చూసిన సంఘం మేస్త్రీని పిలిచే ముందు ఒకసారి ఆగి ఆలోచిస్తుందని నా నమ్మకం.

వచ్చే రోహిణి కార్తెలో పల్నాడులోని మరొక చర్చి ఉత్తరపు గోడను ఫొటో తీయడానికి అక్కడి పెద్దలు నాకు అనుమతి ఇచ్చారు. కొలబద్ద పట్టుకోవడానికి, నేర్చుకోవడానికి వచ్చే విద్యార్థులుంటే మీ కార్యాలయానికి ఒక కార్డు రాయమనండి. నేను వచ్చి తీసుకుంటాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు