మన కేటలాగును ఇకపై ఒక లైబ్రేరియన్ చూసుకుంటారు

అందరికీ నమస్కారం.

పోయిన సోమవారం మన దగ్గర ఒక కొత్త ఉద్యోగి చేరారు. వృత్తిరీత్యా లైబ్రేరియన్. చాలా ఏళ్లు గ్రంథాలయంలో కేటలాగింగ్ విభాగంలోనే, అంటే పుస్తకాల వివరాలు నమోదు చేసే విభాగంలోనే పనిచేశారు. ఇన్నాళ్లూ ఆన్‌లైన్‌లో పుస్తకాల జాబితా పెట్టుకుని సమీక్షలు రాసుకునే ఈ పాఠకుల బృందాన్ని నేనూ, ప్రోగ్రాం రాసే మా సహోద్యోగీ ఇద్దరమే నడిపాం. ఇప్పుడు ముగ్గురమయ్యాం. ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవరితో మాట్లాడవలసి వస్తే వాళ్లకు తనే పరిచయం చేసుకుంటానన్నారు, నాకూ అదే బాగుందనిపించింది. ఆవిడను ఎందుకు తీసుకున్నామో చెప్పడానికే ఈ ఉత్తరం. అది చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి.

పోయినేడాది మన జాబితాలో డూప్లికేట్లు బాగా పెరిగిపోయాయి. ఒకే పుస్తకం ఐదారు చోట్ల కనిపించేది. దాని సమీక్షలు అన్ని చోట్లా చీలిపోయి ఉండేవి. మీలో చాలామంది మెయిళ్లు రాశారు. ఒక్కొక్కటీ చూసి కలిపే తీరిక నాకు లేదు. అందుకని ఒక నియమం పెట్టాను: పుస్తకం పేరూ రచయిత పేరూ కలిస్తే రెండు రికార్డుల్నీ ఒకటి చేసెయ్యమని. ఒక రాత్రి దాన్ని మొత్తం జాబితా మీద నడిపాను.

పొద్దున లేచేసరికి మొదటి సంపుటం, మూడో సంపుటం ఒకే పుస్తకమై కూర్చున్నాయి. పిల్లల కోసం కుదించిన ప్రతి, అసలు నవలా కలిసిపోయాయి. ఒకే పేరున్న ఇద్దరు రచయితల కథల సంపుటాలు ఒక్కరివే అయిపోయాయి. సంక్షిప్త ప్రతి చదివి "కథ మరీ పరుగు తీసింది" అని ఒకరు రాసిన మాట పూర్తి నవల కింద, ఆ నవలకే తీర్పు అన్నట్టు నిలబడింది. తేదీలతో సహా నోట్సు రాసుకునే ఒక సభ్యురాలికి తను చదివిన రెండు సంపుటాలు జాబితాలోనే లేకుండా పోయాయి.

బ్యాకప్ ఉంది. కానీ ఎంత నష్టం జరిగిందో నాకు అర్థమయ్యేలోపు మూడు రోజులు గడిచాయి. పాత ప్రతిని తెచ్చి పెడితే ఆ మూడు రోజుల్లో మీరు రాసినవన్నీ పోతాయి. అందుకని చేత్తో విడదీయడం మొదలుపెట్టాం. అప్పుడు మీకు పంపిన సందేశంలో "చిన్న సాంకేతిక సమస్య" అని రాశాను. అది చిన్నదీ కాదు, సాంకేతికమూ కాదు. పుస్తకాల గురించి తెలియాల్సిన పనిని ఆ తెలివి లేని నియమానికి అప్పగించింది నేను. ఆ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది. క్షమించండి.

ఆ విడదీసే పనిలోనే నాకు ఒక సంగతి తెలిసింది. మన ప్రోగ్రాంకు "పుస్తకం" అంటే ఒకటే అర్థం. లైబ్రేరియన్లకు అలా కాదు. గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా 1998లో ప్రచురించిన నివేదికలో దీన్ని నాలుగు మెట్లుగా విడదీసి చెప్పారు. రచయిత మనసులో రూపుకట్టిన కృతి ఒకటి. ఆ కృతి ఒక భాషలో, ఒక పాఠంగా తయారైతే అది రెండోది; అనువాదం చేస్తే, కుదిస్తే వేరే పాఠం అవుతుంది. ఆ పాఠం ఒక ప్రచురణకర్త దగ్గర ఫలానా ఏడాది, ఫలానా అట్టతో అచ్చయితే మూడోది. మీ అరలో ఉన్న, మీరు అంచుల్లో పెన్సిల్‌తో గీసుకున్న ఆ ఒక్క ప్రతి నాలుగోది. సమీక్ష రాసేటప్పుడు మనం ఒక్కోసారి ఒక్కో మెట్టు గురించి మాట్లాడతాం. "కథ గొప్పది" అన్నది కృతి గురించి. "అనువాదం పొడిపొడిగా ఉంది" అన్నది పాఠం గురించి. "అక్షరాలు మరీ చిన్నవి" అన్నది అచ్చు గురించి. ఈ మూడింటినీ ఒకే గంపలో వేసి పైన నక్షత్రాల సగటు చూపించాం. కొత్తగా ఆ పుస్తకం కోసం వచ్చిన మనిషికి దానివల్ల ఏం తెలుస్తుంది?

పుస్తకాల మీద అచ్చయ్యే అంతర్జాతీయ గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్ ఉంది కదా, దాన్ని పట్టుకుంటే చాలదా అని చాలామంది అడిగారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఆ నంబరు కృతికి కాదు, ఎడిషన్‌కు. గట్టి అట్టకొకటి, పేపర్‌బ్యాక్‌కొకటి, ఈ-బుక్‌కు మరొకటి. ఒక్క నవలకు పది నంబర్లున్నా ఆశ్చర్యం లేదు. పైగా అది అంతర్జాతీయ ప్రమాణమైంది 1970లో. అంతకు ముందు అచ్చయిన పుస్తకాలు చాలావాటి మీద ఏ నంబరూ ఉండదు. ఆ తర్వాత కూడా సొంతంగా అచ్చు వేసుకున్నవాళ్లు ఎందరో నంబరు తీసుకోలేదు. మీరు ఇష్టంగా ఎక్కించేవి ఎక్కువగా ఇలాంటి పాత పుస్తకాలే.

ఉద్యోగానికి వచ్చినవాళ్లకు మేం పెట్టిన పరీక్ష చిన్నదే. మన జాబితాలోంచి బాగా చిక్కుపడ్డ ఇరవై రికార్డులు ఇచ్చి సరిచేయమన్నాం. దాదాపు అందరూ ఇరవై పూర్తిచేసి పంపారు, చూడడానికి నీటుగా ఉన్నాయి. ఈవిడ పద్నాలుగే పంపారు. మిగిలిన ఆరింటి పక్కన ఒక్కో ప్రశ్న రాశారు. "ఇది పునర్ముద్రణా, సవరించిన ఎడిషనా? పేరుపుట వెనకవైపు ఫొటో ఉంటే తప్ప చెప్పలేను." "ఈ ఇద్దరు రచయితలూ ఒకరే అనడానికి నాకు ఆధారం దొరకలేదు." అలా ఆరు. ఆ కాగితం చూడగానే నేను నిర్ణయించుకున్నాను. ఆ రాత్రి నేను నడిపిన నియమానికి లేనిది అదే, తెలియనప్పుడు ఆగడం.

తర్వాత మాట్లాడినప్పుడు ఈ పని మీద ఆవిడకు ఎందుకంత ఇష్టమో అడిగాను. 1931లో మన గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ చెప్పిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది గుర్తుచేశారు: పాఠకుడి సమయాన్ని కాపాడు. నేను మన సమయం ఎలా ఆదా చేసుకోవాలా అని ఆలోచించి ఆ నియమం రాశాను. మీ సమయం సంగతి నా తలకు తట్టలేదు. ఆ మాట విన్నాక కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

మొదటి వారంలోనే ఆవిడ పట్టుకున్న ఒక సంగతి చెప్తాను, మీలో కొందరికి ఇది నేరుగా తగిలిన విషయం. డూప్లికేట్లలో ఎక్కువ భాగం 2007కు ముందు అచ్చయిన పుస్తకాలవే ఎందుకని ఆవిడకు అనుమానం వచ్చింది. అవి ఎక్కించిన ఇద్దరు సభ్యులకు రాసి, అట్ట వెనక ఫొటో పంపమని అడిగారు. రెండిట్లోనూ ఐఎస్‌బీఎన్ చివర అంకె లేదు, ఎక్స్ అక్షరం ఉంది. 2007కు ముందు ఐఎస్‌బీఎన్‌కు పది స్థానాలే. చివరిది తనిఖీ కోసం పెట్టింది. ముందున్న అంకెల మీద 11 ఆధారంగా ఒక లెక్క వేస్తే అది వస్తుంది. ఫలితం పది అయితే ఒక్క స్థానంలో పట్టదు కాబట్టి ఎక్స్ వేస్తారు. లెక్క ప్రకారం సుమారు పదకొండు పుస్తకాల్లో ఒకదానికి అలా వస్తుంది. పుస్తకం ఎక్కించే మన ఫారం మాత్రం అంకెలు తప్ప అక్షరాన్ని ఒప్పుకునేది కాదు. ఎక్స్ కొట్టగానే "నంబరు తప్పు" అనేది. పాపం మీరేం చేస్తారు, నంబరు వదిలేసి పుస్తకాన్ని చేత్తో ఎక్కించారు. ఇంకొకరూ అలాగే ఎక్కించారు. డూప్లికేట్లు పుట్టించింది మనమే, తర్వాత వాటిని తప్పుగా కలిపిందీ మనమే. ఫారం ఇప్పుడు సరైంది, సగం రోజు కూడా పట్టలేదు. ఇన్నేళ్లూ మీ నంబరు తప్పని మీకే చెప్పినందుకు బాధగా ఉంది.

ఆ పనిలో ఉండగానే మరొకటీ సరిచేశాం. 2007 నుంచి నంబరు పదమూడు అంకెలైంది. పాత నంబరుకు ముందు 978 అతికిస్తే సరిపోతుందని మన ప్రోగ్రాం అనుకుంది. సరిపోదు. కొత్త పద్ధతిలో అంకెల్ని ఒకటి విడిచి ఒకటి 1తో, 3తో గుణించి, కూడి, 10 ఆధారంగా చివరి అంకె తీస్తారు. లెక్క వేరు కాబట్టి చివరి అంకె మళ్లీ లెక్కగట్టాలి. 979తో మొదలయ్యేవాటికైతే పది అంకెల రూపమే లేదు.

తెలుగులో వెతికేవాళ్లకు ఒక మాట. పేరు సరిగ్గా టైపు చేసినా పుస్తకం దొరకడం లేదని కొందరు రాశారు, నేను "స్పెల్లింగ్ చూసుకోండి" అని జవాబిచ్చాను. తప్పు మీది కాదు. తెలుగులో పొల్లు అక్షరం తర్వాతి అక్షరం ఒత్తుగా కిందికి పోకుండా ఆపడానికి యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలకూ వాడే ప్రమాణంలో, కంటికి కనిపించని ఒక గుర్తు ఉంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. మాట చివర పొల్లు తర్వాత అది ఉన్నా లేకపోయినా మన కంటికి తేడా తెలియదు. యంత్రానికి మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. వెతికేటప్పుడు ఆ గుర్తును పట్టించుకోకుండా ఉండేలా మార్పు చేస్తున్నాం. ఇంకా పూర్తి కాలేదు.

రచయితల పేర్ల పని అన్నిటికన్నా పెద్దది, దానికి నెలలు పడుతుంది. ఇంటిపేరు ముందు రాసే భాషలున్నాయి, వెనక రాసేవీ ఉన్నాయి. కలం పేర్లున్నాయి. ఒక విదేశీ రచయిత పేరును నలుగురు అనువాదకులు నాలుగు రకాలుగా రాస్తారు. గ్రంథాలయాలు ఇలాంటి రూపాలన్నిటినీ ఒక్క మనిషి కింద ముడివేసి ఉంచుతాయి. జాతీయ గ్రంథాలయాలు తయారుచేసిన పేర్ల జాబితాల్ని ఒకచోట కలిపే వీఐఏఎఫ్ అనే ఉమ్మడి జాబితా కూడా ఉంది. మనమూ ఆ దారినే వెళ్తాం. మీరు ఏ రూపంలో కొట్టినా ఆ రచయిత దగ్గరికే చేరాలి, కానీ మీ ప్రతి మీద పేరు ఎలా అచ్చయిందో అలాగే కనిపించాలి.

ఆవిడ చేయని పనులు కూడా చెప్పాలి, లేకపోతే రేపటి నుంచి మీ మెయిళ్లన్నీ ఆవిడ మీదే పడతాయి. చర్చల్లో గొడవలు, కథ ముగింపు ముందే బయటపెట్టారన్న ఫిర్యాదులు, సభ్యత్వం సంగతులు నా దగ్గరే ఉంటాయి. సమీక్షలో మీరు వెలిబుచ్చిన అభిప్రాయం జోలికి ఆవిడ రారు, నేనూ రాను. తక్కువ నక్షత్రాలు ఇచ్చారని ఒక రచయిత తీసేయమని అడిగినా తీసేయం. ఈ నియమం ముందూ ఉంది, ఇకముందూ ఉంటుంది. రికార్డు విషయంలో మాత్రం తుది మాట ఆవిడదే. నేను వేరుగా అనుకున్నా సరే. చేరేటప్పుడు ఆవిడ పెట్టిన షరతు అది, వెంటనే ఒప్పుకున్నాను.

జీతానికి డబ్బు ఎక్కడిదని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. కొత్త మొబైల్ యాప్ కోసం పక్కన పెట్టిన సొమ్ము ఇది. యాప్ ఈ ఏడాది రాదు. దాని కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు నిరాశ కలుగుతుందని తెలుసు. కానీ తప్పుడు జాబితాను కొత్త తెర మీద అందంగా చూపించడం కన్నా ఇదే ముందు అనిపించింది. సభ్యత్వ రుసుము పెంచడం లేదు. ప్రచురణకర్తల దగ్గర డబ్బు తీసుకుని పుస్తకాన్ని పైకి తేవడం మొదలుపెట్టే ఆలోచన లేదు.

మీరు ఆవిడకు చేయగల సాయం ఒకటుంది. ఏదైనా సవరణ పంపేటప్పుడు పేరుపుట ముందూ వెనకా ఫొటో తీసి జతచేయండి. అక్కడ చిన్న అక్షరాల్లో ఉండేదే ఆవిడకు కావాలి: ఏది మొదటి ముద్రణ, ఏది పునర్ముద్రణ, హక్కులు ఎవరివి, అనువాదకులెవరు. కొన్ని పుస్తకాల్లో ఒక వరసలో అంకెలు మాత్రమే ఉంటాయి. సాధారణంగా వాటిలో అన్నిటికన్నా చిన్న అంకె ఎన్నో ముద్రణో చెప్తుంది. మీ ప్రతి మీదున్న ఏడాదిని పుస్తకం పుట్టిన ఏడాదిగా ఎక్కించడం మనలో అందరం చేసే పొరపాటు. నేను ఎక్కించిన వాటిలోనే ఆవిడ అలాంటివి నాలుగు పట్టుకున్నారు.

జవాబుకు రెండు మూడు రోజులు పట్టవచ్చు. రాత్రిళ్లు, సెలవు రోజుల్లో ఆవిడ మెయిల్ చూడరు, చూడొద్దని నేనే చెప్పాను. "పుస్తకం చూడకుండా చెప్పలేను" అని జవాబు వస్తే తప్పించుకుంటున్నారని అనుకోకండి.

ఆ రాత్రి కలిసిపోయినవాటిలో ఇంకా విడదీయని సమీక్షలు కొన్ని మిగిలి ఉన్నాయి. ఏది ఏ సంపుటం గురించి రాసిందో చదివి చెప్పగలిగినవి మేమే సర్దేశాం. మిగిలినవి రాసినవాళ్లే చెప్పాలి. ఈ వారం నుంచి వాళ్లకు ఒక్కొక్కరికే ఆవిడ నుంచి మెయిల్ వస్తుంది. కింద ఆవిడ పేరు ఉంటుంది, పైన మీరు అప్పుడు రాసిన సమీక్ష మొత్తం ఉంటుంది. ఏ పుస్తకం గురించి రాశారో ఒక్క ముక్క రాసి పంపండి.